పాశమైలారం నుంచి దహేజ్‌కి ఓడీసీ లోడు: పర్మిషన్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాన్‌చెరు_ట్రైలర్ · సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఈ లైన్లో ఉన్నాను. రెండు పుల్లర్లు (ట్రైలర్‌ను లాగే బళ్లు), ఒక లోబెడ్ (ఎత్తు తక్కువ ట్రైలర్) సొంతవి. ఇన్నాళ్లూ స్టీలు, పైపులు, చిన్న మెషినరీ మోశాం, అన్నీ కొలతల్లో ఉన్నవే. మొదటిసారి ఓడీసీ, అంటే కొలతలు దాటిన లోడు ఒప్పుకున్నాను.

పాశమైలారంలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు నుంచి గుజరాత్‌లోని దహేజ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు పోవాలి. డ్రాయింగులో వ్యాసం 4.2 మీటర్లు, పొడవు 14 మీటర్లు, బరువు 28 టన్నులు. ప్లాంటులో నిలబెట్టే ట్యాంకు కాబట్టి బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

నేషనల్ పర్మిట్ ఉంది కదా, ఇంకేం కావాలి అన్నాను. షెడ్డులో డిస్పాచ్ చూసే ఆయన నవ్వాడు. ఒక ఏజెంటును అడిగితే మొత్తం తనే చూసుకుంటానని లక్షా నలభై వేలు చెప్పాడు, రసీదు మాత్రం ఉండదట. జహీరాబాద్, షోలాపూర్, పుణె మీదుగా వెళ్దామని ప్లాను. పది రోజుల్లో బయల్దేరమంటున్నారు. ఎవరి దగ్గర ఏం తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_లోబెడ్ · సోమవారం, ఉదయం 10:05

తమ్ముడూ, ముందు ఆ పది రోజుల మాట మర్చిపో. పార్టీకి ఇవాళే ఫోన్ చేసి చెప్పు. తర్వాత చెబితే తిట్లు ఎక్కువ పడతాయి.

నేషనల్ పర్మిట్ అంటే ఏటా 16,500 కట్టి దేశమంతా సరుకు మోసుకోవడానికి తీసుకునేది. కొలతల్లో ఉన్న బండికే అది పనికొస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 93వది చూడు. వెడల్పు 2.6 మీటర్లు. 2020లో సవరించాక మామూలు సరుకు బండి ఎత్తు 4 మీటర్లు, పుల్లరూ ట్రైలరూ కలిపి పొడవు 18.75. నీ ట్యాంకు ఒక్క వెడల్పులోనే 1.6 మీటర్లు బయట ఉంది.

అంటే దారిలో ఉన్న ప్రతి రాష్ట్రం రవాణా శాఖ దగ్గరా విడివిడిగా అనుమతి తీసుకోవాలి. తెలంగాణ వాళ్లిచ్చిన కాగితం తెలంగాణ హద్దు దాకానే. దాని మీద పోలీసులది, రోడ్డు ఎవరిదైతే వాళ్లది, కరెంటు వాళ్లది, రైల్వే గేటు తగిలితే వాళ్లది. కాగితం లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద లోడు బయటికి పొడుచుకొచ్చినందుకే 20,000. బరువు కూడా ఎక్కువైతే దానికి వేరే 20,000, ఆపైన టన్నుకు రెండు వేలు. డబ్బు కట్టినా బండి కదలనివ్వరు, అసలు నష్టం అది.

ఆటోనగర్_పాతలారీ · సోమవారం, ఉదయం 10:40

షోలాపూర్ రూటు ఎందుకు ఎంచుకున్నారు? ఆ దారిలో జహీరాబాద్ దాటగానే కర్ణాటక, బీదర్ జిల్లా. హుమ్నాబాద్, బసవకల్యాణ్ దాటితే మళ్లీ మహారాష్ట్ర. అక్కడ కర్ణాటక ముక్క ఒక పూట ప్రయాణం కూడా కాదు, అయినా దానికోసం ఇంకో రాష్ట్రం పర్మిషన్ పూర్తిగా తీసుకోవాలి. ఆ తర్వాత పుణె దాటాక ఖండాలా ఘాటు, ఆపైన ముంబయి చుట్టుపక్కల ట్రాఫిక్. 4.2 వెడల్పుతో ఘాటు దిగడం మాటలు కాదు.

కంది దగ్గర 161 జాతీయ రహదారి ఎక్కండి. జోగిపేట, పిట్లం, మద్నూర్, దెగ్లూర్, నాందేడ్, హింగోలి, అకోలా. అకోలాలో 53 మీదకు మళ్లితే జల్గావ్, ధూలే, సూరత్. తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ మూడే రాష్ట్రాలు. ఒక రాష్ట్రం తగ్గితే కనీసం వారం తగ్గినట్టు.

పటాన్‌చెరు_ట్రైలర్ · సోమవారం, ఉదయం 11:20

ఈ రూటు నాకు తట్టనే లేదు అన్నా. గూగుల్ మ్యాప్ చూపించిన దారి పట్టుకున్నాను.

పుల్లర్_నల్గొండ · సోమవారం, మధ్యాహ్నం 1:15

గూగుల్‌కు ఏం తెలుసు, నీ బండి బైక్ అనుకుంటది. నేను ఆ 161 మీద డ్రైవర్‌గా చాలాసార్లు పోయిన. సంగారెడ్డి నుంచి మద్నూర్ దాకా నాలుగు లైన్లు, హాయి. అవతల నాందేడ్, హింగోలి పక్కన నల్లరేగడి. వానాకాలం తారు దిగి పక్కన ఆపినవంటే అయిపోయినట్టే. ఒకసారి రాత్రి టీ కోసమని కుడి చక్రాలు మట్టిలో పెట్టిన. పొద్దున చూస్తే టైరు సగం దాకా దిగింది. రెండు జేసీబీలు, నాలుగు ఇనుప ప్లేట్లు, రోజంతా పట్టింది. ఆగాలంటే పెట్రోల్ బంకుల సిమెంటు మీదనే ఆపండి, లేకుంటే పెద్ద ధాబా ముందు.

అన్నట్టు తెలంగాణలో 2025 అక్టోబరులో రవాణా శాఖ చెక్‌పోస్టులు తీసేసిన్రు కదా. మద్నూర్ దగ్గర హద్దుల ఉన్న సలాబత్‌పూర్‌లో ఇప్పుడు ఆపేటోడు లేడని కాగితాలు లేకుండ పోదామనుకునేటోళ్లు ఉన్నరు. జీపుల్లో తిరిగేటోళ్లు ఎక్కడైనా ఆపుతరు. 4 మీటర్ల ట్యాంకును ఎక్కడ దాస్తవు?

సర్వే_బాబాయ్ · సోమవారం, సాయంత్రం 6:30

ఇరవై రెండేళ్లు రూటు సర్వేలు చేశాను, ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంట్లో ఉన్నాను. అందరూ పర్మిషన్ గురించి చెబుతున్నారు. నేను ఒక్కటే అడుగుతాను. ఆ 4.2 ఎవరు కొలిచారు?

డ్రాయింగులో ఉండేది షెల్లు, అంటే ట్యాంకు గుండ్రటి ఒంటి వ్యాసం. ట్యాంకుకు మ్యాన్‌హోల్ ఉంటుంది, నాజిల్స్ (పైపులు తగిలించే మూతులు) ఉంటాయి, క్రేను తాడు తగిలించే లగ్గులు ఉంటాయి. అవి పక్కకు ఎంత వచ్చాయో డ్రాయింగులో వేరే పేజీలో, ఎవరూ చూడని చోట ఉంటుంది. పర్మిషన్‌కు దరఖాస్తు చేసేటప్పుడు 4.2 అని రాస్తారు. బండి ఎక్కించాక టేపు పెడితే 4.45 వస్తుంది. ఆపినవాడు మీ డ్రాయింగు చూడడు, టేపు చూస్తాడు.

ఎత్తు కూడా అంతే. చాలామంది ట్రైలర్ బెడ్డు ఎత్తు, ట్యాంకు వ్యాసం కూడి వదిలేస్తారు. మధ్యలో పెట్టే చెక్క దుంగలను లెక్కేయరు. ట్యాంకును కింద నుంచి పట్టి ఉంచే శాడిల్‌ను లెక్కేయరు. మీ లోబెడ్ ఎత్తు ఎంత? నాజిల్స్ ఎటువైపు, ఎంత పొడవు? ఇవి చెబితే మిగతాది మాట్లాడదాం.

పటాన్‌చెరు_ట్రైలర్ · మంగళవారం, ఉదయం 8:50

బాబాయ్, నిన్న సాయంత్రమే షెడ్డుకు వెళ్లి స్వయంగా కొలిచాను. షెల్లు వ్యాసం 4.2 కరెక్టే. ఒక వరుసలో మూడు నాజిల్స్, మ్యాన్‌హోల్ ఉన్నాయి, అవి 25 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చాయి. అన్నీ ఒకే వైపు. లోబెడ్ బెడ్డు నేల నుంచి 85 సెంటీమీటర్లు. దుంగలు 10. తాత్కాలిక శాడిల్ మీద పడుకోబెడతారట, అది ఇంకో 10.

నాజిల్స్ పైకి పెడితే మొత్తం ఎత్తు 5.5 అవుతోంది. పక్కకు పెడితే ఎత్తు 5.25కు తగ్గుతుంది కానీ వెడల్పు 4.45 అవుతుంది. ఏది మేలు?

సర్వే_బాబాయ్ · మంగళవారం, ఉదయం 9:35

రెండూ వద్దు. ఒక చదరం గీసి అందులో సరిగ్గా పట్టేలా గుండ్రం గీయండి. నాలుగు మూలలా ఖాళీ ఉంటుందా లేదా? నాజిల్స్ ఆ మూలవైపు వచ్చేలా ట్యాంకును 45 డిగ్రీలు తిప్పి పడుకోబెట్టమనండి. మధ్య నుంచి నాజిల్ చివరకు 2.35 మీటర్లు. 45 డిగ్రీల్లో అది పైకి లెక్కేసినా పక్కకు లెక్కేసినా 1.66 మీటర్లే. షెల్లు 2.1. అంటే నాజిల్ పూర్తిగా లోపలే ఉంటుంది. వెడల్పు 4.2, ఎత్తు 5.25, రెండూ దక్కాయి.

నిలబెట్టే ట్యాంకు, శాడిల్ తాత్కాలికం కాబట్టి ఎటైనా తిప్పుకోవచ్చు. అదే పడుకుని ఉండే ట్యాంకైతే శాడిల్‌ను షెల్లుకే వెల్డింగ్ చేసేస్తారు, అప్పుడు ఈ వీలు ఉండదు. తిప్పాక క్రేను లగ్గులు ఎటు వచ్చాయో మాత్రం చూసుకోండి.

గాజువాక_లోబెడ్ · మంగళవారం, ఉదయం 9:50

బాబాయ్‌కి దండం. పదిహేనేళ్లుగా నేను నాజిల్స్ పక్కకే పెట్టి తీసుకెళ్తున్నాను.

బిల్లుల_భారతి · మంగళవారం, ఉదయం 11:00

నేను ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇక్కడ ఎవరూ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్లో తీసే బిల్లు) మాట ఎత్తలేదు. నాకు తెలిసి ఓడీసీ బళ్లకు అసలు దెబ్బ అక్కడే తగులుతుంది.

మామూలు బండికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు వస్తుంది. ఓడీసీకి 20 కిలోమీటర్లకు ఒక రోజు. బిల్లు తీసేటప్పుడు వాహన రకం దగ్గర ‘రెగ్యులర్’, ‘ఓవర్ డైమెన్షనల్ కార్గో’ అని రెండు ఉంటాయి. అలవాటు కొద్దీ రెగ్యులర్ నొక్కేస్తారు. పాశమైలారం నుంచి దహేజ్ సుమారు వెయ్యి కిలోమీటర్లు అనుకోండి. రెగ్యులర్ అయితే 5 రోజులు, ఓడీసీ అయితే 50 రోజులు. మీ బండి 5 రోజుల్లో నాందేడ్ కూడా దాటకపోవచ్చు.

మా కంపెనీలో జరిగిందే చెబుతున్నాను. నేను చేరకముందు సంగతి. డిస్పాచ్‌లో కొత్త కుర్రాడు రెగ్యులర్ పెట్టాడు. పక్క రాష్ట్రం పోలీసుల అనుమతి ఆలస్యమై బండి హద్దులో తొమ్మిది రోజులు నిలబడింది. ఈలోగా బిల్లు గడువు అయిపోయింది. ఎవరూ గమనించలేదు. బండి కదిలిన గంటన్నరకే ఆపారు. సరుకు విలువ 60 లక్షలు, 18 శాతం పన్ను అంటే 10,80,000. జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ కింద పెనాల్టీ పన్నుకు రెండింతలు, అంటే 21,60,000. బ్యాంకు గ్యారంటీ ఇచ్చి బండి విడిపించుకుని, ఆ తర్వాత నెలల తరబడి అప్పీలు చుట్టూ తిరిగారు.

గడువు పెంచుకోవడానికి అవకాశం ఉంది, కానీ అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత వరకే. నేనైతే ఫోన్లో అలారం పెట్టుకుంటాను. ఇంకొకటి: దారిలో పుల్లర్ మార్చితే బిల్లులో బండి నంబరు ఉండే పార్ట్-బి కూడా మార్చాలి.

పటాన్‌చెరు_ట్రైలర్ · మంగళవారం, ఉదయం 11:25

మేడమ్, ఇది చదివి షెడ్డుకు ఫోన్ చేశాను. వాళ్ల అబ్బాయి ‘ఓడీసీ పెట్టాలా? మేం ఎప్పుడూ రెగ్యులరే పెడతాం’ అన్నాడు. ఒళ్లు జల్లుమంది.

పుల్లర్_నల్గొండ · మంగళవారం, మధ్యాహ్నం 12:10

ఆ జరిమానా కాగితం ముందుగాల డ్రైవర్ చేతికే ఇస్తరు. సేటు ఫోన్ ఎత్తడు. అది కూడా రాసుకోండి.

కొత్తవాడిని_77 · మంగళవారం, మధ్యాహ్నం 3:40

చిన్న సందేహం. మన ఖమ్మం నుంచి ఢిల్లీకి నేతాజీ విగ్రహం కోసం గ్రానైట్ రాయి తీసుకెళ్లారు కదా. 280 టన్నులు, 140 చక్రాల బండి, 1,665 కిలోమీటర్లు అని చదివాను. అంత పెద్దదే వెళ్లగా లేనిది 28 టన్నుల ట్యాంకుకు ఇంత హడావుడి అవసరమా?

ఆటోనగర్_పాతలారీ · మంగళవారం, మధ్యాహ్నం 3:55

ఢిల్లీ వాళ్లు రమ్మని పిలిచిన రాయికీ, మనం మోసే ట్యాంకుకూ పోలికేంటి బాబూ. దానికి ముందు పోలీసు, వెనక పోలీసు. మనకు ముందు క్లీనరు, వెనక ఎర్ర గుడ్డ.

పెద్ద పని అయినంత మాత్రాన తొందరగా అయిపోదు. త్రివేండ్రంలో విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌కు మహారాష్ట్రలోని అంబర్‌నాథ్ నుంచి ఆటోక్లేవ్ అనే పెద్ద యంత్రం వెళ్లింది గుర్తుందా? 70 టన్నులు, ఎత్తు ఏడున్నర మీటర్లు. 2019 జులైలో బయల్దేరి 2020 జులైలో చేరింది. రోజుకు అయిదు కిలోమీటర్లు. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి మన ఆంధ్రాలోనే ఆగిపోయింది. అది ఇస్రో పని. అయినా ఏడాది.

వంతెనల_ఇంజినీర్ · మంగళవారం, రాత్రి 8:20

ఇందాకటి సందేహానికి కొంచెం సాంకేతికంగా చెబుతాను. కొలతలు దాటడం వేరు, బరువు దాటడం వేరు. అందరూ రెండింటినీ ఓడీసీ అనే అంటారు, ఆఫీసులో మాత్రం రెండు దారులు.

2018లో యాక్సిల్ బరువులు పెంచారు. రెండు యాక్సిళ్ల జతకు 21 టన్నులు, మూడింటికి 27, మొత్తం మీద గరిష్ఠంగా 55 టన్నులు. మీ ట్యాంకు 28, పుల్లరూ లోబెడూ కలిపి ఇరవై పైచిలుకు ఉంటుంది కాబట్టి బహుశా లోపలే ఉంటారు. ఆర్‌సీలో ఎంత పాస్ అయిందో మాత్రం చూసుకోండి, అదే మీ హద్దు. దాటితే మామూలు లోబెడ్‌కు కొలతల అనుమతి ఉన్నా ఉపయోగం లేదు. విడదీయలేని బరువైన సరుకును హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్ (బరువును చాలా చక్రాలకు సమంగా పంచేది) మీదే వేయాలి.

హైడ్రాలిక్ బళ్లకు జాతీయ రహదారుల వంతెనల మీద కేంద్ర రవాణా శాఖ ఆన్‌లైన్లో అనుమతి ఇస్తుంది. మొత్తం బరువు 169 టన్నుల లోపు అయితే తేలిక. అది దాటితే దారిలో ఉన్న ఒక్కో వంతెననూ లెక్క కట్టాలి. కొత్త వంతెనల డిజైన్లో 385 టన్నుల ప్రత్యేక వాహనాన్ని లెక్కలోకి తీసుకుంటాం. ఆ బండి వెళ్లేటప్పుడు వంతెన మీద ఇంకే బండీ ఉండకూడదు. సరిగ్గా రోడ్డు మధ్యలో, నడక వేగంతో, గంటకు 5 కిలోమీటర్లలోపు పోవాలి. బ్రేకు వేయకూడదు, ఎక్స్‌లేటర్ తొక్కకూడదు. ఖమ్మం రాయి లాంటివి అందుకే నెమ్మదిగా వెళ్తాయి.

ప్రశ్న అడిగిన మిత్రుడికి ఇవేమీ అక్కర్లేదు. ఆయన సమస్య ఎత్తు.

సర్వే_బాబాయ్ · బుధవారం, ఉదయం 7:45

ఇంజినీరు గారు సరిగ్గా చెప్పారు. ఎత్తు సంగతి.

ఒక బొలెరో తీసుకోండి. దాని మీద పీవీసీ పైపు నిలువుగా కట్టండి. పైపు కొన నేల నుంచి 5.40 ఉండాలి, అంటే మీ లోడు కన్నా 15 సెంటీమీటర్లు ఎక్కువ. దారి మొత్తం దాంతో ఒకసారి తిరిగి రండి. పైపు తగిలిన ప్రతిచోటా ఆగి, ఫోటో తీసి, కిలోమీటరు రాయి నంబరు రాసుకోండి. వంతెన కింద 5.5 అని బోర్డు ఉంటుంది, నమ్మకండి. తారు మీద తారు వేస్తూ పోతారు, బోర్డు మాత్రం మార్చరు. ఊళ్ల స్వాగత తోరణాలకైతే ఏ కొలతా ఉండదు. ఎవరో దాత గారు తన పొడవు చూసుకుని కట్టించినట్టుంటుంది.

కరెంటు తీగలు. దీని గురించి గట్టిగా చెబుతున్నాను. కేబుల్ టీవీ వైరు, ఇంటర్నెట్ వైరు కర్రతో ఎత్తుకోవచ్చు. 11 కేవీ తీగ దగ్గర ఆ పని చేయించకండి. మనవాళ్లు వెదురు కర్ర పట్టుకుని ట్యాంకు మీదకు ఎక్కేస్తారు. తడి కర్ర అయితే చాలు. లైన్‌మన్‌ను పిలిపించి ఎల్‌సీ (లైను క్లియర్, అంటే కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే బండి కదలాలి. అరగంట ఆలస్యమైనా సరే. ఒక మనిషి అలా పోవడం నా కళ్లతో చూశాను, ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

కరెంటు లైనున్న రైల్వే గేట్లకు రెండువైపులా ఇనుప కమాను ఉంటుంది, ఎత్తు 5 మీటర్లకు తక్కువే. మీ 5.25 దాని కింద పట్టదు. రైల్వే వాళ్లు అనుమతిచ్చి, పైలైనుకు కరెంటు ఆపితేనే దాటగలరు, దానికి నెలలు పడుతుంది. అందుకని రైలు పట్టాలను ప్రతిచోటా ఫ్లైఓవర్ మీదనే దాటేలా దారి చూసుకోండి. అకోలా దగ్గర, జల్గావ్ దగ్గర ఊళ్లోకి పోకుండా బైపాస్ చూడండి.

చివరగా, దించే చోటు. ప్లాంటు గేటు దగ్గర ఆగిపోకుండా లోపల పునాది దాకా వెళ్లి చూసి రండి.

పటాన్‌చెరు_ట్రైలర్ · బుధవారం, ఉదయం 8:30

బొలెరో దొరికింది బాబాయ్. మా బామ్మర్దిని తీసుకుని శుక్రవారం బయల్దేరుతున్నాను. ప్లాంటు వాళ్లను ఫోన్లో అడిగాను, గేటు ఎనిమిది మీటర్ల వెడల్పు, పైన ఏమీ లేదు అన్నారు.

ఏజెంటు సంగతి ఏం చేయమంటారు? లక్షా ఇరవైకి దిగాడు.

గాజువాక_లోబెడ్ · బుధవారం, ఉదయం 9:10

ఏజెంటును పెట్టుకోవడం తప్పేం కాదు. గుజరాత్‌లో ఆఫీసుల చుట్టూ నువ్వెక్కడ తిరుగుతావు? అయితే మొత్తం ఒకడికే అప్పగించకు. తెలంగాణది నువ్వే చేసుకో, పద్ధతి తెలుస్తుంది. పుల్లర్, ట్రైలర్ రెండింటి ఆర్‌సీలు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్. లోడు ఫోటో, డ్రాయింగు, ఇన్‌వాయిస్. ఇది విడదీసి తీసుకెళ్లడం కుదరదని షెడ్డు వాళ్ల లెటరు. రూటు. దారిలో ఏదైనా పాడైతే కట్టిస్తానని హామీ పత్రం.

ఏజెంటు తెచ్చిన కాగితాన్ని వాట్సాప్‌లో చూసి సరిపెట్టుకోకు. అయిదారేళ్ల కిందట ఒకడు నాకు పాత పర్మిషన్ మీద తేదీ, బండి నంబరు మార్చి పంపాడు. అక్షరాలు ఒక లైన్లో లావు, ఒక లైన్లో సన్నం. నేను చూసుకోలేదు, ఆపిన ఆయన చూశాడు. ఫోర్జరీ కేసు డ్రైవర్ మీద పెడతానన్నాడు. ఎలా బయటపడ్డానో ఇక్కడ చెప్పను. ఇచ్చిన ఆఫీసుకు ఫోన్ చేసో, వెబ్‌సైట్లో నంబరు కొట్టో చూసుకున్నాకే డబ్బు ఇవ్వు.

మోడరేటర్ · బుధవారం, ఉదయం 9:30

ఏజెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

డల్లాస్_నల్గొండోడు · బుధవారం, ఉదయం 10:15

మాది మిర్యాలగూడ దగ్గర, నాలుగేళ్లుగా టెక్సాస్‌లో ట్రక్కు నడుపుతున్నాను. ఇక్కడేదో ఒక్క కాగితంతో అమెరికా అంతా తిరగొచ్చని మా ఊళ్లో అనుకుంటారు. ఇక్కడా ఇదే గోల. వెడల్పు 8.5 అడుగులు, బరువు 80,000 పౌండ్లు దాటితే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పర్మిట్. ఏ రోడ్డెక్కాలి, ఏ ఎగ్జిట్ దిగాలి అన్నీ అందులోనే రాసి ఇస్తారు. ఎగ్జిట్ మిస్సయితే పక్క రోడ్డులో తిప్పుకొస్తాననుకోవడానికి లేదు, ఆ రోడ్డు మీద పర్మిట్ చెల్లదు. ఆపి ఫోన్ చేయాల్సిందే.

తేడా ఏమిటంటే ఆన్‌లైన్లో తొందరగా ఇస్తారు, ఇంకా ఎక్కువగా పగలే నడవనిస్తారు. మన దగ్గర చాలాచోట్ల రాత్రే కదా పొమ్మనేది.

పుల్లర్_నల్గొండ · బుధవారం, ఉదయం 10:40

అన్నా, డల్లాస్‌ల డ్రైవర్ పని ఉంటే చెప్పు.

పటాన్‌చెరు_ట్రైలర్ · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:05

అందరికీ అప్‌డేట్. సర్వేలో పైపు పదకొండు చోట్ల తగిలింది. ఏడు కేబుల్ వైర్లు, మూడు 11 కేవీ లైన్లు, ఒక తోరణం. తోరణం ఉన్న ఊరికి బైపాస్ దొరికింది. 45 డిగ్రీలు తిప్పమంటే షెడ్డు ఫోర్‌మన్ మొదట ఒప్పుకోలేదు. బాబాయ్ చెప్పిన చదరం, గుండ్రం బొమ్మ సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాక ‘ఇదేదో బాగుందే’ అన్నాడు. లోడు ఎక్కించాక కొలిస్తే వెడల్పు 4.21, ఎత్తు 5.26. దరఖాస్తులో 4.25, 5.30 అని రాసి ఉంచాను.

తెలంగాణ అనుమతి నేనే తీసుకున్నాను. మిగతా రెండు ఏజెంటు తెచ్చాడు, రసీదుతో. ఈ-వే బిల్లు ఓడీసీ కిందే తీయించాను, భారతి మేడమ్‌కు థ్యాంక్స్.

ప్రస్తుతం దెగ్లూర్ దాటి ఒక పెట్రోల్ బంకులో ఉన్నాం. సిమెంటు మీదే ఆపాం. సమస్య ఏంటంటే పుల్లర్ క్లచ్ పోయింది. నా రెండో పుల్లర్‌ను పిలిపించాను, పొద్దున్నకల్లా వస్తుంది. దాంతో లాగేయవచ్చా?

గాజువాక_లోబెడ్ · ఆదివారం, రాత్రి 9:20

ఆగు! పర్మిషన్ మీద ఏ నంబరుందో ఆ బండే లాగాలి. రెండో పుల్లర్ కట్టాలంటే మహారాష్ట్ర, గుజరాత్ రెండింట్లోనూ నంబరు మార్పించాలి, ఈ-వే బిల్లులో కూడా. దానికంటే క్లచ్ ప్లేటు నాందేడ్ నుంచి తెప్పించి అక్కడే వేయించు. రెండు రోజుల పని.

పుల్లర్_నల్గొండ · ఆదివారం, రాత్రి 9:35

మెకానిక్ నంబరు నీకు విడిగా పంపుతున్న. వచ్చే ముందు మొత్తం ఎంతో మాట్లాడుకో.

పటాన్‌చెరు_ట్రైలర్ · పదహారు రోజుల తర్వాత, మంగళవారం, సాయంత్రం 5:50

దహేజ్ చేరాం. క్లచ్ అక్కడే వేయించాను. దారిలో రెండుసార్లు ఆపారు, రెండుసార్లూ టేపు పెట్టి కొలిచారు, వదిలేశారు. టేపు పట్టుకున్న ఆయన ‘కాగితంలో ఉన్నదానికంటే తక్కువే ఉందే’ అని అనుమానంగా మళ్లీ కొలిచాడు. కొండాయ్‌బారీ ఘాటులో నాలుగు గంటలు.

బాబాయ్, మీరు తిడతారని తెలుసు, అయినా చెప్పాలి. గేటు నిజంగానే ఎనిమిది మీటర్లు, పైన ఏమీ లేదు. గేటు లోపల వంద అడుగులు వెళ్లాక రోడ్డు మీదుగా పైపుల వంతెన ఉంది. 5 మీటర్లు. దాని అవతల పునాది. సర్వేలో నేను గేటు దాకా వెళ్లి ఫోటో తీసుకుని వచ్చేశాను.

సర్వే_బాబాయ్ · మంగళవారం, సాయంత్రం 6:10

తిట్టను. దుంగలు, శాడిల్ తీసినా 5.05 ఉంటుంది, పట్టదు. ప్లాంటు వెనకవైపు నిర్మాణం కోసం వేసిన మట్టిరోడ్డు తప్పకుండా ఉంటుంది. ప్రాజెక్టు వాళ్లను అడగండి, గేటు సెక్యూరిటీ వాళ్లకు తెలియదు. దాని మీద పోయే ముందు నడిచి చూడండి, కాలు దిగితే టైరూ దిగుతుంది.

పటాన్‌చెరు_ట్రైలర్ · బుధవారం, రాత్రి 7:30

వెనక రోడ్డు ఉంది. ప్లేట్లు పరిచి తీసుకెళ్లాం. మధ్యాహ్నం మూడింటికి క్రేనుతో దించారు. రేపు ఖాళీగా బయల్దేరుతున్నాం. పర్మిషన్ల గడువు ఎల్లుండితో అయిపోతుంది. లోడు లేదు కాబట్టి తిరుగు ప్రయాణానికి ఏమీ అక్కర్లేదు కదా?

గాజువాక_లోబెడ్ · బుధవారం, రాత్రి 7:41

నీ లోబెడ్ వెడల్పు ఎంత?

పటాన్‌చెరు_ట్రైలర్ · బుధవారం, రాత్రి 7:58

3 మీటర్లు.

అయ్యో.